తుస్సుమన్న తూటాల లెక్క

చిన్నప్పుడు నా దగ్గర ఒక ఇత్తడి ఈల ఉండేది. నిజానికది ఈల కాదు. ఎప్పుడో పేలిపోయిన రివాల్వరు తూటా తాలూకు ఖాళీ డొల్ల. కింది పెదవికి ఆనించి ఊదితే చెవులు గింగురుమనేట్టు కూసేది. పాతపట్నంలో మా వీధి చివరింట్లో ఉండే పోలీసు తాతగారు దాన్ని నాకిచ్చారు. అప్పటికే ఆయన ఉద్యోగం విరమించి చాలా ఏళ్ళయింది. డొల్ల అడుగున, నడిమధ్య ఒక చిన్న సొట్ట. దాని చుట్టూ కె, ఎఫ్ అన్న రెండు ఇంగ్లీషు అక్షరాలు, పక్కన రెండంకెలు. ఆ అక్షరాలేమిటని అడిగితే, "అది దాని ఇంటిపేరు బాబూ" అన్నారు.

ఆయన చెప్పిన కబుర్లలో తుపాకుల గురించి చాలా తక్కువ, తూటాల గురించి చాలా ఎక్కువ. ఊళ్ళో మేమందరం తుపాకి ఎంత పెద్దది, ఎంత దూరం కొడుతుంది అని అడిగేవాళ్ళం. ఆయన మాత్రం "తుపాకీదేటుంది బాబూ, లోపలున్నది తడిసిపోతే అది ఉట్టి కర్రే" అనేవారు. ఆ మాట వెనక రెండు వందల ఏళ్ళ చరిత్ర ఉందని, అందులో కొంత మా ఊరి చుట్టుపక్కల కొండల్లోనే జరిగిందని తెలుసుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది.

ఈ టపాకు కారణం మా మేనల్లుడు. హైదరాబాదులో పిస్తోలు షూటింగు నేర్చుకుంటున్నాడు. ఒక రోజు ఫోను చేసి, "మావయ్యా, ఏ కంపెనీ తూటాలు నమ్మదగ్గవి? ఒక్కొక్కరు ఒక్కో పేరు చెబుతున్నారు" అన్నాడు. నేను షూటరును కాను. చరిత్ర పుస్తకాలు చదువుకునేవాణ్ణి. కనుక వాడికి ఒక కంపెనీ పేరు చెప్పలేక, ఆ ప్రశ్న ఎక్కడ మొదలైందో చెప్పడానికి కూర్చున్నాను. వాడు ఓపికగా విన్నాడు. చదివేవారికి కూడా అంత ఓపిక ఉంటుందని నమ్ముతున్నాను.

* * *

పాతపట్నం నుంచి మహేంద్రతనయ నది వెంబడి కాస్త దూరం వెళితే పర్లాకిమిడి. ఇప్పుడది మరో రాష్ట్రం. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడేదాకా ఈ రెండు ఊళ్ళ మధ్యా సరిహద్దు రేఖ లేదు. ఒకే జమీందారీ, ఒకే సంత, ఒకే వాన. ఆ వానే ఈ కథలో మొదటి పాత్ర.

1830ల తొలి సంవత్సరాల్లో పర్లాకిమిడి జమీందారీలో అల్లర్లు చెలరేగాయి. వాటిని అణచడానికి మద్రాసు ప్రభుత్వం 1832లో జార్జి ఎడ్వర్డ్ రస్సెల్ అనే అధికారిని ప్రత్యేక కమిషనరుగా పంపింది. కంపెనీ సేనలు కొండలెక్కాయి. ఇటు కొండ నాయకుల మనుషుల దగ్గర ఉన్నవి విల్లంబులు, వత్తి తుపాకులు. అటు సిపాయిల భుజాన ఉన్నవి చెకుముకి తుపాకులు. రెండూ గొట్టం మూతి నుంచి మందు కూరవలసినవే. వత్తి తుపాకి పేలాలంటే నిప్పు రాజుకున్న వత్తి ఆరిపోకుండా కాపాడుకోవాలి. చెకుముకి తుపాకికి ఆ బాధ లేదు. ట్రిగ్గరు నొక్కగానే చెకుముకి రాయి ఉక్కు రేకును గీరుతుంది, నిప్పురవ్వలు రాలుతాయి, పక్కనున్న చిన్న పళ్ళెంలోని మందు అంటుకుంటుంది, ఆ మంట సన్నని రంధ్రం గుండా లోపలికి పోయి అసలు మందును పేలుస్తుంది.

ఇన్ని మెట్లున్న పనిలో ఏ మెట్టు దగ్గరైనా కాలు జారవచ్చు. రాయి అరిగిపోతుంది. రంధ్రం మసితో పూడుకుంటుంది. అన్నిటికీ మించి పళ్ళెంలోని మందు చెమ్మగిలుతుంది. తుపాకిమందులో ముప్పాతిక వంతు సురేకారం. మిగిలింది బొగ్గు, గంధకం. సురేకారం ఎంత శుద్ధంగా లేకపోతే అంతగా గాలిలోని తేమను లాగుతుంది. శ్రావణమాసంలో మా ఇళ్ళల్లో అటక మీది ఉప్పుజాడీ ఎలా నీరు కారుతుందో చూసినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు.

మరి సరైన తుపాకి, సరైన మందు ఉన్నా ఎన్ని దెబ్బలకు ఒకటి తుస్సుమంటుంది? ఆ కొండల్లో కాల్చిన వారెవరూ దాన్ని లెక్కపెట్టే స్థితిలో లేరు. విచిత్రమేమిటంటే సరిగ్గా ఆ రోజుల్లోనే, 1834లో, లండను పక్కనున్న వూలిచ్‌లో దాన్ని కూర్చుని లెక్కపెట్టారు. అప్పటికి 27 ఏళ్ళ ముందు, 1807లో, అలెగ్జాండర్ ఫోర్సిత్ అనే స్కాట్లాండు పాదిరీ ఒక కొత్త ఉపాయానికి పేటెంటు తీసుకున్నాడు. రాయి, రవ్వ అక్కరలేకుండా, సుత్తి దెబ్బకే మండే రసాయనంతో తుపాకి పేల్చడం ఆ ఉపాయం. తర్వాత అది చిన్న రాగి టోపీగా రూపం దిద్దుకుంది. ఈ టోపీ తుపాకి మంచిదా, చెకుముకి తుపాకి మంచిదా తేల్చడానికి ఆరుబయట, అన్ని వాతావరణాల్లోనూ, ఒక్కో రకంతో 6,000 సార్లు కాల్చి చూశారు. చెకుముకి తుపాకి 922 సార్లు తుస్సుమంది. అంటే దాదాపు ఆరున్నరకు ఒకటి. టోపీ తుపాకి 36 సార్లు మాత్రమే విఫలమైంది, 166కు ఒకటి.

తూటాలను పోల్చి చూడడంలో ఇంతకంటే నిజాయితీ గల పద్ధతి నాకు తెలియదు. ఎవరి అభిప్రాయమూ అడగలేదు. పేరున్న దొరలెవరూ సాక్ష్యం చెప్పలేదు. కాల్చారు, లెక్కపెట్టారు.

* * *

మందును తేమ నుంచి కాపాడడమే తూటా చరిత్ర అంటే తప్పుకాదు. తొలి తూటా ఒక కాగితం పొట్లం. ఒక గుండు, ఒక దెబ్బకు సరిపడా మందు కలిపి కట్టిన పొట్లాన్ని పంటితో చింపి గొట్టంలో పోసి కూరాలి. ఆ కాగితం తడవకుండా, గుండు గొట్టంలో సాఫీగా దిగేలా, దానికి కొవ్వు పూసేవారు. ఆ కొవ్వు పూతే 1857లో ఏం చేసిందో పాఠశాల పిల్లలకు కూడా తెలుసు. కలకత్తా దగ్గర డండం ఆయుధాగారంలో, కొత్త ఎన్‌ఫీల్డు తుపాకి తూటాలకు పూసింది ఆవు కొవ్వో పంది కొవ్వో అన్న మాట పొక్కింది. తూటా మీద నమ్మకం పోయింది. తూటా ఇచ్చిన వారి మీద అంతకుముందే సన్నగిల్లిన నమ్మకం దానితో పూర్తిగా తెగింది.

ఈ సంగతిని మనం ఎప్పుడూ మతవిశ్వాసాల కోణం నుంచే చదువుకున్నాం. తూటా కోణం నుంచి చూస్తే ఇంకొకటి కనిపిస్తుంది. పేలుతుందని నమ్మకం కలిగించడానికి పూసిన పూతే నమ్మకాన్ని చెరిపింది. తూటా లోపల ఏముందో, పైన ఏముందో దాన్ని వాడే సిపాయికి తెలియదు. తయారు చేసినవాడి మాట మీద ఆధారపడాలి. ఆ మాట చెల్లనినాడు ఎంత పొడిగా ఉన్న తూటా అయినా పనికిరాదు.

తర్వాతి ఇరవై ఏళ్ళలో కాగితం పోయి లోహం వచ్చింది. గుండు, మందు, టోపీ మూడూ ఒకే ఇత్తడి డొల్లలో ఒదిగాయి. ఇంగ్లండులో కర్నల్ బాక్సర్, అమెరికాలో బెర్డాన్ టోపీని డొల్ల అడుగున అమర్చే పద్ధతులు రెండు కనిపెట్టారు. చివరకు అమెరికన్ పద్ధతి యూరపులోను, ఇంగ్లీషు పద్ధతి అమెరికాలోను స్థిరపడడం ఒక తమాషా. తేమకు దారి మూసుకుపోయింది. దానితో పాటు తూటా కట్టుకునే పని సైనికుడి చేతి నుంచి, వేటగాడి చేతి నుంచి జారి కర్మాగారానికి పోయింది. డొల్ల అడుగున ఇంటిపేరు చెక్కడం అప్పుడే అవసరమైంది. లండనులో ఎలీ సోదరులు, బర్మింగ్‌హాములో కైనోక్ ఆ కాలపు పెద్ద పేర్లు. మన దేశంలో పుణె పక్కన కిర్కీలో 1869లో తూటాల కర్మాగారం మొదలైంది. ఇప్పుడు ఆ ఊరిని ఖడ్కీ అంటున్నాం. నా ఈల అడుగున ఉన్న కె, ఎఫ్ అక్షరాలు ఆ కర్మాగారానివే.

* * *

ఇక చేతి తుపాకుల సంగతి. బ్రిటిషు సైన్యం 1887లో వెబ్లీ రివాల్వరును చేపట్టింది. దాని తూటా 0.455 అంగుళాలది. ఆ ఒక్క తూటా చరిత్ర చదివితే, పేరు ఒకటే అయినా లోపలి సరుకు ఎన్నిసార్లు మారుతుందో తెలుస్తుంది. మొదట నల్లని తుపాకిమందు. తర్వాత పొగ తక్కువగా వచ్చే కార్డైటు. 1898లో మొన గుల్లగా ఉన్న గుండు. ఒంట్లో విచ్చుకునే గుండ్లను యుద్ధంలో వాడరాదని 1899లో హేగ్‌లో ఒప్పందం జరిగాక, 1900లో దాన్ని ఉపసంహరించారు. 1912లో చదును మొన గుండు, 1914లో మళ్ళీ పాత గుండ్రని మొన. 1939లో సీసం మీద గట్టి లోహపు తొడుగు. అరలో ఉన్న రివాల్వరు అదే. తూటా మాత్రం ఆరు రకాలు.

1932లో దాని స్థానంలో 0.38 అంగుళాల ఎన్‌ఫీల్డు రివాల్వరు వచ్చినప్పుడూ ఇదే కథ. మొదట 200 గ్రెయిన్ల మెత్తని సీసపు గుండు, అంటే సుమారు 13 గ్రాములు. 1930ల చివరికి దాన్ని పక్కన పెట్టి 178 గ్రెయిన్ల తొడుగు గుండు ఇచ్చారు. గుండు బరువు మారితే అది తగిలే చోటు మారుతుంది. ఒక తూటాకు అలవాటుపడిన చేయి, అదే గురితో మరో తూటా కాల్చితే దెబ్బ మరో చోట పడుతుంది. తూటాను పోల్చేటప్పుడు పేలిందా లేదా అన్నది మొదటి ప్రశ్న. అన్నీ ఒకే చోట తగిలాయా అన్నది రెండోది. మొదటిది తేలకుండా రెండోదానికి పోవడం వృథా.

పోలీసు తాతగారి ఇంకో అలవాటు ఇక్కడే గుర్తుకొస్తుంది. ఏటా జరిగే కాల్పుల పరీక్ష అయ్యాక, తోటివారు రివాల్వరుకు నూనె పూసి పెట్టేస్తే, తాను మాత్రం గొట్టంలో మరుగునీళ్ళు పోసి కడిగి, తుడిచి, అప్పుడు నూనె పూసేవాణ్ణని చెప్పేవారు. ఇనుముకు నీళ్ళు పోయడమేమిటని మాకు నవ్వు వచ్చేది. ఆయనే ఒప్పు. పాతకాలపు టోపీల్లో పొటాషియం క్లోరేటు ఉండేది. అది మండాక మిగిలేది ఒక రకం ఉప్పు. ఉప్పు నూనెలో కరగదు, నీళ్ళలోనే కరుగుతుంది. నూనె మాత్రమే పూస్తే దాని కింద ఉప్పు అలాగే ఉండిపోయి, మా తీరపు చెమ్మను పీల్చి, వారం తిరిగేసరికి గొట్టాన్ని తుప్పు పట్టిస్తుంది. తుప్పుపట్టిన గొట్టంలో ఎంత మంచి కంపెనీ తూటా వేసినా గురి నిలవదు. తర్వాతి కాలంలో ఆ ఉప్పు మిగల్చని టోపీలు వచ్చాయి. రసాయనశాస్త్రం తెలియకపోయినా తాతగారు తన తూటాను ఎరిగినవాడు.

స్వాతంత్ర్యం వచ్చాక చట్టం ఇంకో గీత గీసింది. సైన్యం, పోలీసులు వాడే 0.38, 0.455, 9 మిల్లీమీటర్ల కొలతలు మామూలు పౌరులకు నిషిద్ధం. కనుక లైసెన్సు గలవారికి మిగిలిన ప్రధాన కొలత 0.32. కాన్పూరులో రివాల్వరు, ఖడ్కీలో తూటా. 2021 అక్టోబరు 1న ప్రభుత్వ ఆయుధ కర్మాగారాలను ఏడు కంపెనీలుగా విడదీసినప్పుడు ఖడ్కీ కర్మాగారం మ్యూనిషన్స్ ఇండియా కిందికి వచ్చింది. ఇదే 0.32 కొలత పోటీల్లోనూ ఉంది. చదును మొన గుండు కాగితంలో కంతను గుండ్రంగా కోసినట్టు పొడుస్తుంది కాబట్టి లెక్క వేయడం తేలిక. 2006లో దోహా ఆసియా క్రీడల్లో జస్పాల్ రాణా 25 మీటర్ల సెంటర్ ఫైర్ పిస్తోలులో 600కు 590 చేసి ప్రపంచ రికార్డును సమం చేసినది ఈ జాతి పోటీలోనే. అరవై తూటాలు, పోయినవి పది పాయింట్లు. అరవైలో ఒక్కటి తుస్సుమంటే మనసు ఏమవుతుందో ఊహించండి.

* * *

మేనల్లుడి ప్రశ్నకు జవాబు చెప్పేముందు ఇంకొక్క లెక్క ఉంది. తూటాల తయారీ కర్మాగారానికి పోయిందన్నాను. కర్మాగారం లేనివాడి గతి ఏమిటి? ఆ జవాబు కోసం మా కొండల నుంచి దక్షిణంగా, అదే తూర్పు కనుమల వరసలో, విశాఖ, గోదావరి మన్యానికి వెళ్ళాలి.

1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు అనుచరులతో చింతపల్లి పోలీసు స్టేషను మీద పడ్డాడు. 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు స్టేషన్లు. వాటిలో దొరికినవి 26 తుపాకులు, సుమారు 2,500 తూటాలు. మనం ఈ కథ చెప్పుకునేటప్పుడు తుపాకుల సంఖ్య చెబుతాం, మిరపకాయ టపా గురించి చెబుతాం, దామనపల్లి కనుమలో సెప్టెంబరు 24న స్కాట్ కవర్డు, హైటర్ అనే అధికారులు పడిపోవడం చెబుతాం. తూటాల సంఖ్య దగ్గర ఆగం.

ఆగి చూడండి. 2,500ను 26తో భాగిస్తే తుపాకికి 96. ఇరవై ఆరు తుపాకులు పట్టుకున్న మన్యం వీరుడికి తుపాకికి దక్కిన మొత్తం నిధి అది. పోతే తిరిగి రాదు. మందు కూరే నాటు తుపాకికైతే బొగ్గు, గంధకం, సురేకారం దంచి మందు చేసుకోవచ్చు. ఇత్తడి తూటాను అడవిలో చేసుకోలేం. మళ్ళీ తూటాలు కావాలంటే మళ్ళీ స్టేషను కొట్టాలి. ఆ సంగతి ప్రభుత్వానికీ తెలుసు. అక్టోబరులో రాజు అడ్డతీగల వెళ్ళేసరికి అక్కడి ఆయుధాలను ముందే తరలించేశారు. 1924 మే 7న అతన్ని కాల్చి చంపేదాకా సాగిన పోరాటంలో ధైర్యానికి ఎన్నడూ కొరత రాలేదు. కొరత వచ్చినది లెక్కకు అందే వస్తువుకే.

ఇప్పుడు వూలిచ్ లెక్క పక్కన ఈ లెక్క పెట్టండి. 1834లో ఒక తుపాకి రకం ఎంత నమ్మదగ్గదో తెలుసుకోవడానికి, కేవలం తెలుసుకోవడానికి, 6,000 దెబ్బలు తగలేశారు. మన్యంలో మూడు స్టేషన్లలో దొరికిన తూటాలన్నీ కలిపినా అందులో సగం కాదు. ఒక తూటా పేలుతుందో లేదో పరీక్షించి చూసుకునే భాగ్యం మన్యంలో ఎవరికీ లేదు. పరీక్ష కోసం కాల్చిన ప్రతి తూటా రేపటి ప్రాణంలోంచి తీసి ఇచ్చినదే. నమ్మకం లెక్కతో వస్తుంది. లెక్కపెట్టగలిగినంత సరుకు ఎవరి దగ్గర ఉంటే వారిదే నమ్మకం. సామ్రాజ్యానికి తుపాకి బలం ఉండేదని మనం అంటాం. దానికి పరీక్షలో వృథా చేయగలిగిన బలం ఉండేదని నేనంటాను.

* * *

మేనల్లుడి పిస్తోలు 0.22 అంగుళాలది. ఈ తూటాకు విడిగా టోపీ ఉండదు. అడుగున ఉబ్బెత్తుగా ఉన్న అంచు లోపల, తడి ముద్దగా ఉన్న రసాయనాన్ని వేసి గిర్రున తిప్పి పరుస్తారు. ఆ అంచు మీద పిన్ను కొడితే పేలుతుంది. అంచులో ఎక్కడైనా రసాయనం పరుచుకోకపోతే, పిన్ను సరిగ్గా అక్కడే పడితే, తుస్సు. చవకైన ఈ పద్ధతికి పుట్టుకతో వచ్చిన బలహీనత ఇది. నేను కాలేజీలో ఎన్‌సీసీలో ఉన్నప్పుడు ఇదే కొలత రైఫిలుతో మాకు అయిదేసి తూటాలిచ్చి కాల్పించారు. నా మూడోది పేలలేదు. దాన్ని తయారు చేసినవారి పేరు ఇక్కడ అనవసరం. "కదలకు, గొట్టం ఎదరకే ఉంచు" అని హవల్దారు అరిచిన అరుపు ఇప్పటికీ చెవిలో ఉంది. కొన్ని తూటాలు ఆలస్యంగా పేలతాయి. అందుకే కనీసం అర నిమిషం ఆగి అప్పుడే బయటికి తీయాలి. ఆ అర నిమిషంలో నా గురి, నా ధైర్యం రెండూ కారిపోయాయి. మిగిలిన రెండూ కాగితానికి తగల్లేదు.

ఈ కొలతలో పోటీ తూటాలు చేసే పేర్లు ప్రపంచంలో కొద్దిపాటివే. ఇంగ్లండులో ఎలీ, జర్మనీలో ఆర్‌డబ్ల్యుఎస్, ఎస్‌కె, ఫిన్లాండులో లపువా, అమెరికాలో సీసీఐ. పోటీ తూటాలు ధ్వని వేగానికి కాస్త లోబడి, సెకనుకు 320, 330 మీటర్ల దగ్గర ప్రయాణిస్తాయి. ధ్వని వేగం దాటి మళ్ళీ దిగే గుండు దారిలో చలిస్తుంది. మందు కొలత, అంచు మందం, గుండు మీది మైనపు పూత ఒక తూటాకు ఇంకో తూటాకు ఎంత తక్కువ తేడా ఉంటే అంత ఎక్కువ ధర. 25 మీటర్ల పోటీలో నిదానంగా కాల్చే భాగంలో పది పాయింట్ల వలయం వ్యాసం 50 మిల్లీమీటర్లు. ఎంత నిలకడైన చేయి అయినా అక్కడ తూటా సాయం కావాలి. మన హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ ఈ పోటీలోనే, 2023లో హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో వ్యక్తిగత రజతం, జట్టుతో స్వర్ణం తెచ్చింది.

ఇంతకీ ఏది కొనాలి? నేను వాడికి చెప్పినది పేరు కాదు, పద్ధతి.

నూరింటికి ఒకటి తుస్సుమనే తూటా ఉందనుకో. వినడానికి ఫరవాలేదనిపిస్తుంది. అరవై తూటాల పోటీలో కనీసం ఒకటి తుస్సుమనే అవకాశం నూటికి 45. వెయ్యింటికి ఒకటి అయితే నూటికి 6. వూలిచ్ చెకుముకి తుపాకితో అరవై దెబ్బలూ వరసగా పేలాలంటే సుమారు 22,000 సార్లు ప్రయత్నిస్తే ఒకసారి. టోపీ తుపాకితో నూటికి 70 సార్లు. ఒకటి, వెయ్యి అన్న అంకెల మధ్య తేడా ఇంత పెద్దది.

మరి స్నేహితుడు "నేను ఒక డబ్బా కాల్చాను, ఒక్కటీ పోలేదు" అంటే? డబ్బాలో 50 తూటాలు. నూరింటికి ఒకటి చెడిపోయే సరుకు కూడా, 50 కాల్చితే ఒక్క తుస్సూ లేకుండా గట్టెక్కే అవకాశం నూటికి 60. కనుక ఒక డబ్బా సాక్ష్యం సాక్ష్యం కాదు. తుస్సు నూటికి ఒకటి కంటే తక్కువని గట్టిగా చెప్పాలంటే వరసగా 300 కాల్చి, ఒక్కటీ పోకుండా చూడాలి. ఆ మూడు వందలూ ఒకే తయారీ విడతవి కావాలి. డబ్బా మీద విడత సంఖ్య ముద్రించి ఉంటుంది. ఒకే కంపెనీ, ఒకే పేరు. విడత మారితే గుణం మారవచ్చు. అందుకే పెద్ద షూటర్లు కర్మాగారాల పరీక్షాశాలలకు తమ తుపాకి తీసుకువెళ్ళి, నచ్చిన విడతను మొత్తంగా కొనుక్కుంటారు.

ఇంకొకటి. పేలనిదాన్ని పారేయకుండా అంచు మీది సొట్ట చూడు. సొట్ట లోతుగా ఉండీ పేలకపోతే తప్పు తూటాది. తేలికగా గీరినట్టుంటే తప్పు నీ పిస్తోలు పిన్నుది, లేదా లోపల పేరుకున్న మసిది. కాస్త తిప్పి పెట్టి మళ్ళీ కొడితే పేలితే, అంచులో రసాయనం అక్కడక్కడా లేదన్నమాట. కంపెనీని తిట్టేముందు ఈ మూడూ రాసుకో. డబ్బాలు గాలి చొరని డబ్బాలో పెట్టు. ఎండలో ఆపిన కారులో వదిలేయకు. గోడకున్న అలమారులో వానాకాలం పెట్టకు.

"ఇన్ని కాల్చాలంటే డబ్బు కావాలి కదా మావయ్యా" అన్నాడు వాడు.

కావాలి. నేను చెప్పదలచుకున్నదీ అదే. మంచి తూటా ఏదో తెలుసుకోవడం తూటా కొనడం కంటే ఖరీదు. అది మొదటి నుంచీ అంతే. పర్లాకిమిడి కొండల్లో వత్తి ఆరకుండా కాపాడుకున్నవాడు, మన్యంలో 96 తూటాలు లెక్కపెట్టుకున్నవాడు ఆ ఖరీదు పెట్టలేకపోయారు. పేలుతుందన్న ఆశతో ట్రిగ్గరు నొక్కారు. నీకు వ్యర్థం చేసుకోగలిగిన మూడు వందలున్నాయి. అది చిన్న విషయమనుకోకు.

* * *

పోయిన వారం వాడు తన లెక్క పంపాడు. మూడు కంపెనీల్లో మొదటిది పూర్తయింది. ఒకే విడత, 300 తూటాలు, తుస్సులు రెండు. రెండింటి సొట్టలూ లోతుగానే ఉన్నాయట. కంపెనీ పేరు వాడు రాశాడు, నేను రాయను. మిగిలిన రెండూ కాల్చకుండా ఒకరిని దోషిగా నిలబెట్టడం వూలిచ్ ధర్మం కాదు. అయితే నేను కాగితం తీసి భాగించి చూశాను. 150కి ఒకటి. 1834 నాటి రాగి టోపీ 166కు ఒకటి. నూట తొంభై ఏళ్ళ తర్వాత, వానలో కాకుండా చల్లని గదిలో కాల్చి, మా వాడి తూటాలు ఆ పాత టోపీ కంటే పిసరంత వెనకబడ్డాయి. రెండు తుస్సుల మీద ఆధారపడిన అంకెను మరీ నమ్మకూడదని వాడికి చెప్పాను. వాడు నవ్వి, రెండో కంపెనీ డబ్బాలు తెప్పిస్తున్నానన్నాడు.

ఆ ఇత్తడి ఈల ఇప్పుడు నా రాతబల్ల మీదే ఉంది. తాతగారు పోయి చాలా కాలమైంది. ఈ టపా ముగించాక ఒకసారి ఊదాను. కూసింది.